ప్రైవేటుకి వెళ్ళాడండీ!

సాయంత్రంపూట ఎవరి గుమ్మంలో నిలబడి "అబ్బాయి ఏడీ?" అని అడిగినా వచ్చే జవాబు ఒక్కటే: "ప్రైవేటుకి వెళ్ళాడండీ!" ఇంగ్లీషువాడి నిఘంటువులో ప్రైవేటంటే సొంతమైనది, నలుగురి కంట పడనిది అని అర్థం. అదే మాట మన ఇళ్ళల్లో అడుగుపెట్టేసరికి వేషం మార్చుకుని, బడి వదిలిపెట్టాక మళ్ళీ చెప్పించుకునే చదువై కూర్చుంది. ఇరవైమంది పిల్లలు ఒకే వసారాలో చేరి వీధి చివరిదాకా వినబడేట్టు ఎక్కాలు అరిచినా సరే, అది ప్రైవేటే! అందులోంచి కాస్త నాజూకుగా ట్యూషన్ పుట్టింది. ఫీజు పెరిగిన కొద్దీ దాని పేరు కోచింగ్ అయింది.

ఇది నిన్నా మొన్నా పుట్టిన జాడ్యమనీ, మన చిన్నతనంలో ఇవన్నీ ఎక్కడున్నాయనీ పెద్దవాళ్ళు దీర్ఘాలు తీస్తుంటారు. వాళ్ళ మాట కొట్టిపారెయ్యకండి గాని, పూర్తిగా నమ్మనూ నమ్మకండి. ఈ ప్రైవేటుకి ఉన్న చరిత్ర రెండు వందల ఏళ్ళకి పైమాటే. అందులో మోసగాళ్ళూ ఉన్నారు, మహానుభావులూ ఉన్నారు. మంచి ప్రైవేటునీ చెడ్డ ప్రైవేటునీ వేరుచేసే గీత ఎక్కడుందో కూడా ఆ చరిత్రే చెబుతుంది.

మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రోకి 1822లో ఒక ఆలోచన వచ్చింది. తన ఏలుబడిలో ఉన్న జిల్లాల్లో పిల్లలు ఎక్కడ చదువుతున్నారు, ఎంతమంది చదువుతున్నారు, లెక్క తియ్యమని కలెక్టర్లందరికీ తాఖీదులు పంపాడు. ఆ లెక్కలన్నీ క్రోడీకరించి 1826లో ఒక నివేదిక రాశాడు. కోటీ ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు జనాభాకి 12,498 బడులు తేలాయి. అయితే అందులో విశేషం బడుల సంఖ్య కాదు. మద్రాసు పట్టణంలో బడికి వెళ్ళే పిల్లలు అయిదువేల చిల్లర ఉంటే, ఇళ్ళల్లో చదువు చెప్పించుకునేవాళ్ళు ఇరవై ఆరువేల పైచిలుకు ఉన్నారట! అంటే బడిపిల్లాడు ఒక్కడుంటే, ఇంటిచదువు పిల్లలు నలుగురైదుగురు. తండ్రులో, బాబాయిలో, జీతానికి కుదిరిన పంతులో చెప్పే చదువు అది. బడి ముందా ప్రైవేటు ముందా అని పందెం వేస్తే ప్రైవేటే నెగ్గేట్టుంది.

నిజానికి ఆనాటి వీధిబడి కూడా ప్రైవేటే. సర్కారు దాన్ని పోషించేది కాదు. తల్లిదండ్రులు నెలకింతని ముట్టజెప్పేవారు. దసరా వచ్చిందంటే పిల్లలు గిలకలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడితే, పంతులుగారికి కట్నం, పిల్లలకి పప్పుబెల్లాలు. ఇంత చేసినా పంతులుకి నెలకి ఆరేడు రూపాయల కంటే గిట్టదనీ, ఆ జీతానికి యోగ్యులైనవాళ్ళు ఎవరు వస్తారనీ మన్రోయే తన నివేదికలో విచారించాడు. "చదువు చెప్పేవాడికి ఇచ్చేదగ్గర చెయ్యి ముడుచుకుపోతుంది" అనే సామెతలాంటి నిజం ఆనాడే ఉందన్నమాట.

మన్రోకి లెక్కలు పంపినవాళ్ళలో బళ్ళారి కలెక్టరు కాంబెల్ ఒకడు. ఈయన తెలుగు వ్యాకరణం కూడా రాసినవాడు, కాబట్టి మన పిల్లలు చదివేదేమిటో చెవి పెట్టి విన్నాడు. 1823లో ఆయన పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాళ్ళలో ఆడపిల్లలెందరో తెలుసా? 60! ఆ ఇసుకలో వేలుపెట్టి అక్షరాలు దిద్దే పద్ధతినీ, పై తరగతి పిల్లవాడు కింది తరగతి పిల్లవాడికి నేర్పే పద్ధతినీ కాంబెల్ ఎంతో మెచ్చుకున్నాడు. అంతకు ముందే మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే ఆయన ఈ కిటుకులు మన బడుల్లో చూసి నేర్చుకున్నాడు. 1797లో లండనులో దాన్ని గురించి పుస్తకం అచ్చువేశాడు. అక్కడ దానికి "మద్రాసు పద్ధతి" అని పేరు. మన ఇసుకా, మన పెద్దపిల్లల పెత్తనమూ సముద్రాలు దాటి వెళ్ళి ఇంగ్లండు పిల్లలకి అక్షరాలు నేర్పాయి.

కాంబెల్ మెచ్చుకోని సంగతి ఒకటుంది. పిల్లలు పద్యాలకి పద్యాలు గడగడా అప్పజెబుతున్నారు గాని, అందులో ఒక్క ముక్కకి అర్థం తెలియదు, చెప్పే పంతులుకీ అంతంతమాత్రమే అన్నాడు. నోటికి వచ్చింది, బుర్రకి ఎక్కలేదు. సొంతంగా నాలుగు మాటలు రాయమంటే దిక్కులు చూడడమే. ఈ ఫిర్యాదు వయసు ఇప్పుడు రెండు వందల ఏళ్ళు దాటింది. నిన్న మీ అబ్బాయి ప్రోగ్రెసు రిపోర్టుమీద టీచరుగారు రాసిన ముక్క కూడా ఇదే అయితే ఆశ్చర్యపోకండి.

ఇంగ్లీషు చదువులూ పరీక్షలూ వచ్చాక కొత్తరకం ప్రైవేటు మాష్టారు బయల్దేరాడు. ఆయన్ని మీరంతా ఎరుగుదురు. ఆయన పేరు గిరీశం! 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడి, 1897లో అచ్చయి, 1909లో పెరిగి పెద్దదైన కన్యాశుల్కం నాటకాన్ని మనం బుచ్చమ్మ కోసమూ మధురవాణి కోసమూ తలుచుకుంటాం. కాని కథ నడవడానికి అసలు ఊతం ఏమిటి? ఒక ప్రైవేటు! పరీక్ష తప్పిన వెంకటేశానికి సెలవుల్లో చదువు చెబుతాననే వంకమీదేగా గిరీశం ఊళ్ళో బాకీలు ఎగ్గొట్టి కృష్ణరాయపురం అగ్రహారం చేరింది!

అక్కడ వెంకమ్మగారిని ఒక్కసారి గుర్తుచేసుకోండి. కొడుకు నోట ఇంగ్లీషు వినాలని ఆ తల్లికి ఎంత సరదా! గురుశిష్యులిద్దరూ కలిసి, నక్షత్రం మిలమిల్లాడే చంటిపిల్లల పాటనీ, నోటికొచ్చిన మరి నాలుగు ముక్కల్నీ సంభాషణలా దంచేస్తారు. ఆవిడ పొంగిపోతుంది. మనం పగలబడి నవ్వుతాం. నవ్వు అయ్యాక మాత్రం కాస్త గుచ్చుకుంటుంది. ఆ తల్లి చేసిన తప్పేముంది? చదువు లోపలికి వెళ్ళి చూడడానికి ఆవిడకి ఎవరూ దారి ఇవ్వలేదు. కనుక చప్పుడు విని సంతోషించింది. చదువురాని తల్లి ఉన్న ఇంట్లో గిరీశాల ఆటలు సాగుతాయని గురజాడవారు నవ్విస్తూనే చెప్పేశారు. గిరీశం వెంకటేశం చేత ఒక్క వాక్యం సొంతంగా రాయించిన దాఖలా నాటకమంతా వెతికినా దొరకదు.

ఈ రాయించడం అనే మాటమీద ఆ తరువాత పెద్ద రభసే జరిగింది. పరీక్షల్లో తెలుగు వ్యాసం పెట్టారు బాగానే ఉంది, పిల్లవాడు దాన్ని ఏ తెలుగులో రాయాలి? ఇంట్లో అమ్మతో మాట్లాడే తెలుగులోనా, ఎవరూ మాట్లాడని పాత కావ్యాల తెలుగులోనా? గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడవారు, విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాసయ్యంగారు, బడుల తనిఖీ అధికారి యేట్సు దొర - వీళ్ళంతా వాడుక భాష వైపు నిలబడ్డారు. అవతలి పక్షంలోనూ ఉద్దండ పండితులే. స్కూల్ ఫైనల్ వ్యాసం వాడుక భాషలో రాయవచ్చునని కొన్నాళ్ళు సర్కారు ఒప్పుకుని, గొడవ ముదిరాక ఆ అనుమతి వెనక్కి తీసుకుంది. 1914లో గురజాడవారు మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. ఆ మరుసటేడే కన్నుమూశారు.

ఇది పండితుల పోట్లాటలా కనిపిస్తుంది గాని, ఇరుక్కున్నవాడు మాత్రం పదిహేనేళ్ళ పిల్లవాడు. తనది కాని భాషలో వ్యాసం రాయమంటే వాడేం చేస్తాడు? మాష్టారి దగ్గరకెళ్ళి రాయించుకొచ్చి కంఠతా పడతాడు. ఆవుమీద వ్యాసం, రైలుప్రయాణంమీద వ్యాసం, సత్యమునుగూర్చి వ్యాసం! రైలెక్కని పిల్లవాడు కూడా రైలుప్రయాణం గురించి రెండు పేజీలు నింపేవాడు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. సెలవుచీటీ చూడండి. అక్క పెళ్ళికి వెళ్ళినా, అమ్మమ్మగారి ఊరు వెళ్ళినా, సినిమాకి వెళ్ళినా ఇంగ్లీషులో జ్వరం వచ్చిందనే రాస్తారు. ఎందుకంటే జ్వరం ఉత్తరం ఒక్కటే కంఠతా వచ్చు! నిజం రాయాలంటే సొంతంగా వాక్యం కట్టాలి కదా.

ఇంతవరకూ మగపిల్లల కథ అయింది. ఇప్పుడు మన కథకి వద్దాం. బడి గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో ఆడపిల్లకి ప్రైవేటే బడి, ప్రైవేటే కాలేజీ. కందుకూరి వీరేశలింగంగారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టేనాటికి ఆడపిల్ల పుస్తకం పట్టుకోవడమే వింత.

సరిగ్గా ఆ 1874లోనే కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో భండారు అచ్చమాంబగారు పుట్టారు. బడికి వెళ్ళలేదు. చిన్నతనంలోనే పెళ్ళయి, ఇంజనీరుగా పనిచేసే భర్తతో మధ్యపరగణాలకి వెళ్ళిపోయారు. ఆవిడ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకోసం నాగపూరులో అక్కగారింట ఉండేవాడు. ఆ కుర్రవాడు బడిలో నేర్చుకున్నది ఇంటికొచ్చి అక్కతో పంచుకునేవాడు. తమ్ముడు మాష్టారు, అక్క శిష్యురాలు! ఫీజు లేదు, బోర్డు లేదు. అలా తెలుగూ హిందీ నేర్చి, ఆపైన మరాఠీ, బెంగాలీ, సంస్కృతాలదాకా వెళ్ళి, 1901లో ఆవిడ అబలా సచ్చరిత్రరత్నమాల అనే పుస్తకం వెలువరించారు. అన్ని దేశాల ఆడవాళ్ళ చరిత్రలు రాయాలని సంకల్పించి మొదలుపెట్టిన గ్రంథం అది. 1902లో ధనత్రయోదశి అనే కథ రాశారు. తెలుగులో తొలి కథకురాలు ఆవిడే అని చాలామంది విమర్శకులు అంటారు. 1905లో, ముప్ఫై ఒక్క ఏళ్ళయినా నిండకుండానే వెళ్ళిపోయారు. ఆ తమ్ముడు తరువాత విజ్ఞానచంద్రికా మండలిని నడిపి, తెలుగులో విజ్ఞానసర్వస్వం రాయడానికి పూనుకున్నంత వాడయ్యాడు. అక్కకి చెప్పిన పాఠాలే ఆయన మొదటి పాఠాలని నాకనిపిస్తుంది. పక్కవాడికి చెబితేనేగా మనకి వచ్చిందో రాలేదో తేలేది!

ఈ దారిలోనే ఇంకొంచెం ముందుకొస్తే దుర్గాబాయిగారు కనిపిస్తారు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దనుకుని బయటికి వచ్చేశారు. ఇంగ్లీషు చదువు మానేసి హిందీ నేర్చుకుని, ఇంకా పరికిణీల వయసులోనే కాకినాడలో హిందీ పాఠశాల పెట్టి ఆడవాళ్ళకి పాఠాలు చెప్పారు. ఆ శిష్యురాళ్ళలో ఆవిడ కన్నతల్లి కూడా ఒకరు! 1923లో కాకినాడ కాంగ్రెసు జరిగినప్పుడు ప్రదర్శనశాల గుమ్మం దగ్గర టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపిన వాలంటీరు పిల్ల ఈవిడే.

ఉప్పు సత్యాగ్రహంలో జైళ్ళకి వెళ్ళొచ్చాక ఆవిడ మళ్ళీ చదువు పట్టారు. బెనారసు విశ్వవిద్యాలయం మెట్రిక్కు ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. తరువాత డిగ్రీలూ, మద్రాసులో ప్లీడరీ. అయితే తాను గట్టెక్కాక పడవని వదిలెయ్యలేదు. 1937 ప్రాంతాల్లో మద్రాసు మైలాపూరులో ఇరుగుపొరుగు ఆడపిల్లలు చదువు సగంలో ఆగిపోయి ఉంటే, వాళ్ళని చేరదీసి అదే బెనారసు మెట్రిక్కుకి కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. పిల్లల ఆటపాటల క్లబ్బూ, ఈ మెట్రిక్కు ప్రైవేటూ కలిసి ఆంధ్ర మహిళాసభ అనే మహావృక్షమైంది. ఆసుపత్రులూ కాలేజీలూ నడిపిన ఆ సంస్థకి విత్తనం ఒక ప్రైవేటు క్లాసు!

స్వరాజ్యం వచ్చాక, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆవిడే మొదటి అధ్యక్షురాలు. మైలాపూరులో చేసిన పనినే దేశమంతా చేయించాలని 1958లో "కండెన్స్‌డ్ కోర్సు" అని ప్రారంభించారు. చదువు ఆగిపోయిన ఆడవాళ్ళు, భర్త పోయినవాళ్ళు, వదిలేసినవాళ్ళు, పెళ్ళే కానివాళ్ళు - ఎన్నో ఏళ్ళ చదువుని రెండేళ్ళలో కుదించి చెప్పించుకుని పరీక్ష రాసేవారు. టీచర్లయ్యారు, నర్సులయ్యారు, గ్రామసేవికలయ్యారు. మీ బంధువుల్లో తెల్లచీరె కట్టుకుని బడికి వెళ్ళిన ఒక పిన్నిగారో అత్తగారో ఉంటే, ఆవిడ చదువు ఎక్కడ పూర్తయిందో అడిగి చూడండి. కోచింగ్ అనే మాటకి ఇంత పుణ్యం ఉన్న రోజులు ఉండేవి. మూసిన తలుపు తెరవడం కోసం చెప్పిన చదువది.

మరి ఆ మాట పోటీ పందెంగా ఎప్పుడు మారింది? మొదట్లో ట్యుటోరియల్ కాలేజీలు తప్పిన పిల్లలకోసం పుట్టాయి. ఇంగ్లీషులోనో లెక్కల్లోనో పోయినవాడు అక్కడ చేరి సెప్టెంబరుకి గట్టెక్కేవాడు. అక్కడికి వెళ్తున్నానని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్ళు. తరువాత ఇంజనీరింగుకీ వైద్యానికీ ప్రవేశపరీక్షలు వచ్చాయి. అప్పుడు తప్పినవాడు కాదు, తరగతిలో మొదటివాడే కోచింగుకి పరుగెత్తసాగాడు. చేరకపోతేనే సిగ్గు! 1980ల్లో హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్యగారు ఐఐటీ పరీక్షకి లెక్కలు చెప్పడం మొదలుపెడితే, ఆయన ఇంటిపేరే ఐఐటీ అయిపోయింది. ఆయన కొద్దిమందినే, అదీ పరీక్ష పెట్టి చేర్చుకునేవారు. దానితో ఏమైందనుకున్నారు? రామయ్యగారి పరీక్షలో నెగ్గడానికి వేరే కోచింగులు వెలిశాయి. కోచింగుకి కోచింగు! గిరీశం వింటే చుట్ట ఆర్పేసి దణ్ణం పెట్టేవాడు.

ఆ తరువాత కథ మీకు నేను చెప్పనక్కర్లేదు. హాస్టలుగదులూ, తెల్లవారుఝాము స్టడీఅవర్లూ, పేపర్లనిండా ర్యాంకుల ఫోటోలూ. 2025లో కేంద్రం జరిపించిన సర్వేలో దేశంలోని విద్యార్థుల్లో నూటికి 27 మంది ప్రైవేటు కోచింగు తీసుకుంటున్నారని తేలింది. పట్నాల్లో 30 దాటింది, పల్లెల్లో 25 దాటింది. పదహారేళ్ళలోపు పిల్లల్ని చేర్చుకోకూడదనీ, రోజుకి అయిదు గంటలు మించకూడదనీ, ర్యాంకు ఖాయమని అబద్ధపు ప్రకటనలు ఇవ్వకూడదనీ 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శక సూత్రాలు జారీచేసింది. సూత్రాలు కాగితంమీద చక్కగానే ఉంటాయి. అమలు చేయించే కళ్ళు తల్లిదండ్రులవి కావాలి.

నాకు దిగులు కలిగించేది ఫీజు కాదు, గంటలు కూడా కాదు. ఈ పరీక్షల్లో పిల్లవాడు వాక్యం రాయడు. ఎక్కువగా నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ఎంచుకుంటాడు. రెండేళ్ళు, ఒక్కోసారి ఆరేళ్ళు, వాడు జవాబులు ఎంచుకుంటూనే ఉంటాడు. కాంబెల్ నాటి పిల్లవాడు కనీసం ఇసుకలో అక్షరం దిద్దాడు. ఇప్పుడేమో వ్యాసం కావాలంటే ఫోనుని అడిగితే క్షణంలో రాసిపెడుతోంది. ఆవుమీదా, రైలుమీదా, సత్యంమీద కూడా! రాసిచ్చే మాష్టారు జేబులోకే వచ్చేశాడు, ఫీజు కూడా అడగడు. కాని పదహారేళ్ళ పిల్లకి మనసులో ఏదో బరువుగా ఉంది, హాస్టల్లో ఉండలేకపోతోంది, ఆ చదువు తనకి వద్దు. ఈ మాట ఎవరు రాసిపెడతారు? సొంతంగా నాలుగు వాక్యాలు కట్టడం చేతకాని పిల్ల నోరు నొక్కుకుని కూర్చుంటుంది. మనం ర్యాంకు చూసుకుని, వెంకమ్మగారిలా పొంగిపోతాం.

ప్రైవేటు మాన్పించెయ్యమని నేననడం లేదు. అచ్చమాంబగారిని చేసింది ప్రైవేటే. దుర్గాబాయిగారి శిష్యురాళ్ళని నిలబెట్టింది ప్రైవేటే. కాని వెంకమ్మగారికి లేని సదుపాయం మనకుంది. మనం చదువుకున్నాం. చదువు లోపలికి తొంగిచూడగలం. ఈసారి నెల ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు, ఎన్ని మార్కులు వచ్చాయని అడిగాక ఇంకో ప్రశ్న కూడా వెయ్యండి: "మాష్టారూ, ఈ నెల మా అమ్మాయిచేత సొంతంగా ఏం రాయించారు?" ఆయన తడుముకుంటే కోప్పడకండి. ఇంటికొచ్చి ఆదివారం మధ్యాహ్నం ఒక తెల్లకాగితం ఇచ్చి, అమ్మమ్మకి ఉత్తరం రాయమనండి. ఫోను పక్కన పెట్టించండి. తప్పులుంటే ఉండనివ్వండి, దిద్దకండి. జ్వరం వచ్చిందని మాత్రం రాయనివ్వకండి. నిజంగా వస్తే తప్ప!